యోమ్ కిప్పూర్ ఉపవాసం చూసి నేనూ మొదలుపెట్టాను, ఇలా చేస్తే బరువు తగ్గుతానా?

రాజోలు_అమ్మాయి:

అందరికీ నమస్తే అండి. ఇజ్రాయెల్‌లో పెతా తిక్వాలో ఒక పెద్దావిడ దగ్గర కేర్‌గివర్‌గా చేస్తున్నాను, ఇంట్లోనే ఉండి చేసే డ్యూటీ, ఆరేళ్లయింది. ఆవిడకి 86. సవ్తా అని పిలుస్తాను, అంటే వీళ్ల భాషలో అమ్మమ్మ. నాకు 41, ఎత్తు 158 సెంటీమీటర్లు. వచ్చేటప్పుడు 63 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 78. ఎందుకు పెరిగానో నాకు తెలుసు. సవ్తా ప్లేట్లో మిగిల్చింది పారెయ్యడానికి మనసొప్పదు, రాత్రి రెండు మూడుసార్లు లేవాలి, లేచినప్పుడల్లా వంటింట్లోకి వెళ్తాను, వెళ్తే చెయ్యి ఊరుకోదు.

అసలు విషయానికి వస్తాను. ఈసారి, అంటే 2025లో, యోమ్ కిప్పూర్ అక్టోబరు 1 సాయంత్రం మొదలై 2వ తారీకు రాత్రికి అయిపోయింది. మనకి దసరా కూడా అదే రోజు. వీళ్లకి, అంటే యూదులకి, ఏడాది మొత్తంలో అదే పెద్ద ఉపవాసం, పొద్దు గుంకకముందు నుంచి మర్నాడు చుక్కలు పొడిచేదాకా దాదాపు 25 గంటలు, తిండి సంగతి అలా ఉంచి మంచినీళ్లు కూడా ముట్టరు. రోడ్ల మీద కార్లు ఉండవు, పిల్లలు నడిరోడ్డు మీద సైకిళ్లు తొక్కుతారు. ఊరంతా అంత నిశ్శబ్దంగా ఉంటే నాకూ ఎందుకో ఉండాలనిపించింది. సవ్తాకి మాత్రం గుండె జబ్బు, సుగర్ రెండూ ఉన్నాయి కాబట్టి డాక్టరూ, రబ్బీ (వీళ్ల మతగురువు) ఇద్దరూ పూర్తి ఉపవాసం వద్దన్నారు. ఎలా ఇవ్వాలో కూడా చెప్పారు. మందు తాగే చిన్న కప్పు ఉంటుంది చూడండి, దాంట్లో 30 మిల్లీలీటర్లకి తక్కువే పోసి పట్టాలి, తొమ్మిది నిమిషాలు ఆగి మళ్లీ ఇంకో కప్పు. టైమరు నా ఫోనులో. అలా ఆ రోజు మా ఇంట్లో యూదురాలు తింది, నేను పస్తున్నాను. సవ్తాకి అది భలే నవ్వొచ్చింది.

ముందురోజు తూగితే 78.2, అయిపోయాక 76.3. ఒక్క రోజులో దాదాపు రెండు కిలోలు! ఒళ్లు కూడా తేలిగ్గా అనిపించింది. వెనకటి రోజుల్లో భక్తిపరులు ప్రతి సోమవారం, గురువారం ఉపవాసం ఉండేవాళ్లని సవ్తా కొడుకు చెప్పాడు. వారానికి రెండు రోజులు తిండి బాగా తగ్గించే 5:2 పద్ధతి అని వీడియోల్లో చెప్పేది కూడా ఇదే కదా అనుకుని రెండు వారాలు సోమ, గురువారాలు అలాగే 25 గంటలు నీళ్లు కూడా లేకుండా ఉన్నాను. మధ్యాహ్నం మూడు అయ్యేసరికి తలనొప్పి మొదలవుతుంది. రెండో గురువారం సవ్తాని మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మారుస్తుంటే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. ఇంతా చేస్తే ఇవాళ తూకం 77.6.

నీళ్లు తాగకుండా ఉంటే ఎక్కువ తగ్గుతారని ఒకామె చెప్పింది, నిజమేనా? రోజూ 16 గంటలు మానేసి 8 గంటల్లో తినే పద్ధతి మంచిదా, ఇదే మంచిదా? ఊర్లో మా అమ్మకి 64, సుగరు, ఆవిడ చేత కూడా చేయిద్దామనుకుంటున్నాను. నాకు థైరాయిడ్ ఉంది, 50 మాత్ర వేసుకుంటాను. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

జగిత్యాల_నుండి_హైఫా:

అక్కా, ముందు ఆ కళ్లు తిరిగిన ముచ్చట గురించి. నువ్వు పడితే నువ్వొక్కదానివే పడవు, 86 ఏళ్ల మనిషి నీ చేతుల మీద ఉంది. ఆవిడకి తుంటి ఎముక విరిగితే తర్వాత కథ ఏమవుతుందో మన పని చేసేవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. డ్యూటీ ఉన్న రోజు నీళ్లు లేని ఉపవాసం ఇవాళ్టితో బంద్ చెయ్యి.

నేను పదకొండేళ్ల నుంచి ఇక్కడే ఉన్నాను, మూడు ఇళ్లు మారాను. వీళ్ల ఉపవాసాన్ని నువ్వు ఒక్క వైపు నుంచే చూశావు. యోమ్ కిప్పూర్ ముందురోజు తినడం కూడా వీళ్లకి విధే, వాళ్ల నెల లెక్కలో ఆ తొమ్మిదో తారీకు తిన్నవాడికి తొమ్మిది, పది రెండు రోజులూ ఉపవాసం ఉన్నంత పుణ్యమని వాళ్ల ధర్మగ్రంథం తల్మూద్‌లో ఉంది. మా పాత సబా (అంటే తాత) అయితే వారం ముందు నుంచి కాఫీ తగ్గించుకుంటూ వచ్చేవాడు, నాలుగు కప్పులు మూడు, మూడు రెండు, చివరి రోజు సగం. ఎందుకంటే నీకు మూడింటికి వచ్చిన ఆ తలనొప్పి ఉంది చూడు, ఇక్కడి డాక్టర్లు దాన్ని యోమ్ కిప్పూర్ తలనొప్పి అని పేరు పెట్టి మరీ వైద్య పత్రికల్లో రాశారు. నువ్వేమో ఆదివారం రాత్రి మామూలుగా కాఫీ తాగి, సోమవారం ఒక్కసారిగా ఆపేస్తున్నావు, అది కూడా వారానికి రెండుసార్లు.

ఇంకో సంగతి, యోమ్ కిప్పూర్ కాకుండా నీళ్లు కూడా లేని 25 గంటల ఉపవాసం వీళ్లకి ఏడాదిలో ఇంకొక్కటే, ఎండాకాలంలో తిషా బే ఆవ్, యెరూషలేములో వాళ్ల ఆలయం కూలిపోయిన దినం. తక్కిన చిన్న ఉపవాసాలు తెల్లవారుజాము నుంచి చుక్కలు పొడిచేదాకానే. షబ్బత్ రోజు, అంటే వాళ్ల విశ్రాంతి దినం శనివారం, ఉపవాసం ఉండకూడదు, యోమ్ కిప్పూర్ షబ్బత్ నాడు పడితే తప్ప. ఆ రోజు మూడు పూటలా తినాలి, శుక్రవారం నుంచి రాత్రంతా సన్నమంట మీద ఉడికే హమీన్, ఆ ఖల్లా రొట్టె, అబ్బో. దీన్ని చూసి బరువు తగ్గాలనుకుంటే వీళ్లలో లావుపాటి వాళ్లే ఉండకూడదు కదా, మా వీధిలోకి వచ్చి చూడు.

మనసుకి ఉపవాసం ఉండాలనే ఉంటే మా అమ్మ చేసే ఒక్కపొద్దు చెయ్యి, ఒక పూట బువ్వ, నీళ్లకి అడ్డు లేదు. అదీ డ్యూటీ లేని రోజు.

చెంబు_నీళ్లు:

మన ఏకాదశి ఉండగా యూదుల దాకా ఎందుకండీ పోవడం. వేల ఏళ్ల కిందటే మనవాళ్లు చెప్పారు, ఇప్పుడు బయటివాళ్లు చెబితే గానీ నమ్మరు.

పెసరట్టు_ప్రియ:

చెంబు నీళ్లు గారూ, మీ ఇంట్లో ఏకాదశి ఎలా చేస్తారో తెలియదు గానీ మా ఇంట్లో మాత్రం అన్నం ఒక్కటే బంద్. పొద్దున ఉప్మా, పదకొండింటికి అరటిపళ్లు, మధ్యాహ్నం సగ్గుబియ్యం పాయసం, సాయంత్రం చపాతీలు బంగాళదుంప కూర. శనివారం ఉపవాసం అంటే రాత్రి టిఫిన్ అని అర్థం. మా నాన్నగారు ముప్ఫై ఏళ్లుగా శనివారాలు ఉపవాసం ఉంటున్నారు, పొట్ట ఒక్క అంగుళం కదల్లేదు. పుణ్యం సంగతి ఆయనకీ వెంకన్నకీ మధ్య, నేను మాట్లాడను.

డ్యూటీ_డాక్టరు:

నేను విజయవాడలో జనరల్ మెడిసిన్ చూస్తాను. రాజోలు అమ్మాయి గారూ, మీ అమ్మగారి విషయం ముందు చెబుతాను, మిగతాది తీరిగ్గా చదవండి. ఆవిడ ఏ మాత్రలు వేసుకుంటున్నారో తెలియకుండా ఒక్క పూట కూడా మానిపించకండి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి గానీ ఇన్సులిన్ గానీ ఉంటే, తిండి మానినా మందు పని మానదు, సుగర్ దిగిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం, ఒక్కోసారి స్పృహ తప్పడం. డాపాగ్లిఫ్లోజిన్ లాంటిది ఉంటే ఇంకో రకం ప్రమాదం, నీళ్లు తగ్గి, తిండి లేక రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరుగుతాయి, సుగర్ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. ఒక్క మెట్‌ఫార్మిన్ అయితే ప్రమాదం తక్కువే, అయినా ఆవిడని చూసే డాక్టరుతో మాట్లాడాకే. ఊర్లో ఒంటరిగా ఉండే మనిషి అయితే మరీను.

ఇప్పుడు మీ రెండు కిలోల సంగతి. అందులో కొవ్వు ఎంతో లెక్క వేద్దాం. మీ బరువుకి, మీ పనికి రోజుకి సుమారు 1900 కేలరీలు ఖర్చవుతాయనుకోండి. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7700 కేలరీలు. ఒక రోజంతా ఏమీ తినకపోయినా, ఖర్చయిందంతా కొవ్వు నుంచే వచ్చిందనుకున్నా, పావు కిలో. అసలు అంత కూడా రాదు, ఎందుకంటే శరీరం ముందు లివర్లో దాచుకున్న గ్లైకోజన్ అనే చక్కెర నిల్వ వాడుకుంటుంది, ఒక గ్రాము గ్లైకోజన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లు కూడా నిల్వ ఉంటాయి, అది ఖర్చయితే ఆ నీళ్లూ పోతాయి. మీరు తాగని నీళ్లు, పేగుల్లో లేని తిండి, అన్నీ కలిపి తూకంలో రెండు కిలోలు. తాగారు, తిన్నారు, తిరిగొచ్చింది. నీళ్లు మానేస్తే ఎక్కువ తగ్గుతారన్న ఆవిడ ఒక రకంగా నిజమే చెప్పింది, నీళ్లే తగ్గుతాయి. మీలా బరువులు ఎత్తే పని చేసేవాళ్లకి బీపీ పడిపోవడానికి అది చాలు. నీళ్లు తక్కువైతే కిడ్నీలో రాళ్లకి కూడా మంచిది కాదు.

16:8 గురించి అడిగారు. అమెరికాలో 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో 116 మందిని పన్నెండు వారాలు చూశారు, ఎనిమిది గంటల్లోనే తినమన్నవాళ్లు దాదాపు 0.9 కిలో తగ్గారు, మూడు పూటలా తిన్నవాళ్లు 0.7. తేడా ఉన్నట్టు కాదు. 2022లో చైనా గువాంగ్‌ఝౌలో 139 మందిని ఏడాది పాటు చూశారు, అందరికీ కేలరీలు తగ్గించి, సగం మందిని ఎనిమిది గంటల్లో తినమన్నారు. వాళ్లు 8 కిలోలు, రెండో వర్గం 6.3 తగ్గారు, గణాంకాల లెక్కలో అది కూడా తేడా కిందికి రాలేదు. అంటే గడియారంలో మహత్యం లేదు, తలుపు వేస్తే లోపలికి పోయే తిండి తగ్గుతుంది, అంతే. కొంతమందికి కేలరీలు లెక్కపెట్టడం కంటే తలుపు వెయ్యడం తేలిక. మీరు రాసింది చూస్తే మీకు రాత్రి వంటింటి తలుపు వేస్తే చాలనిపిస్తోంది.

థైరాయిడ్ మాత్ర పొద్దున పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, కాఫీ అరగంట నుంచి గంట తర్వాత. యోమ్ కిప్పూర్ నాడు మానేసి ఉంటే ఒక్క రోజుకి ఏం కాదు, ఆ మందు ఒంట్లో చాలా రోజులు ఉంటుంది. కానీ వారానికి రెండు రోజులు మానేస్తున్నారంటే మాత్రం అది కూడా మీ బరువు తగ్గడానికి అడ్డం పడొచ్చు. మానేస్తున్నారా?

ఎడిసన్_చలి:

డాక్టరు గారూ, కేలరీలు ఒక్కటే చెబితే ఎలా? ఆటోఫజీ, అదే కణాలు తమలోని చెత్తని తామే కరిగించుకోవడం, ఆ మాట ఏంటి? దానికి నోబెల్ కూడా ఇచ్చారు. 24 గంటలు దాటితే పాడైన కణాలన్నీ శుభ్రం అయిపోతాయని, క్యాన్సర్ కూడా రాదని చదివాను.

అన్నట్టు మా ఆఫీసులో యూదు కొలీగ్‌ని ఈ ప్రశ్నే అడిగాను, యోమ్ కిప్పూర్‌కి నువ్వు బరువు తగ్గుతావా అని. గట్టిగా నవ్వాడు. ఉపవాసం విడిచేటప్పుడు వాళ్ల అత్తగారింట్లో బేగెల్స్, క్రీమ్ చీజ్, పొగబెట్టిన సాల్మన్, కూగెల్ అని నూడుల్స్‌తో చేసే తీపి వంటకం, ఇన్ని ఉంటాయట. ఏటా ఆ రాత్రికే కిలో పెరుగుతాడట.

డ్యూటీ_డాక్టరు:

ఎడిసన్ గారూ, 2016 నోబెల్ యోషినోరి ఒసుమికి వచ్చింది, ఆయన ప్రధానంగా పని చేసింది ఈస్ట్ కణాల మీద. గొప్ప పని. కానీ మనుషుల్లో ఇన్ని గంటలు పస్తుంటే ఇంత శుభ్రం అవుతుంది, ఫలానా జబ్బు రాదు అని ఆ నోబెల్ చెప్పలేదు. ఓపీలో వారానికి ఒకరైనా ఈ మాట పట్టుకొస్తారు. క్యాన్సర్ మందులు ఆపేసి ఉపవాసం మొదలుపెట్టిన పేషెంటుని చూశాను కాబట్టి ఈ విషయంలో నాకు ఓపిక కాస్త తక్కువ, ఏమీ అనుకోకండి.

చేబ్రోలు_దారి:

మా అత్తగారి ఊరు చేబ్రోలు పక్కన. అక్కడ కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయీం అని తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలు ఉన్నాయి, చిన్న ప్రార్థన మందిరం కూడా ఉంది. తాము ప్రాచీన ఇశ్రాయేలులోని ఎఫ్రాయీం గోత్రం వాళ్లమని చెప్పుకుంటారు. కాబట్టి చెంబు నీళ్లు గారూ, యూదుల దాకా పోవడానికి గుంటూరు నుంచి బస్సు చాలు.

మేము క్రైస్తవులం, లెంట్ నలభై రోజులు మా ఇంట్లో ఉపవాస ప్రార్థనలు ఉంటాయి, కాబట్టి ఈ సంగతులు కొంచెం చదివాను. సోమ, గురువారాల మాట నిజమే. లూకా సువార్త 18లో వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటానని దేవుడి ముందు గొప్పలు చెప్పుకునే పరిసయ్యుడు (అప్పటి యూదుల్లో నియమాలు గట్టిగా పాటించే వర్గం వాడు) ఉన్నాడు చూడండి, ఆ రెండు రోజులు ఇవే. ఆ తర్వాత తొలినాళ్ల క్రైస్తవులు వాళ్లలా ఉండకూడదని బుధ, శుక్రవారాలకి మార్చుకున్నారు. కానీ రాజోలు చెల్లెమ్మా, అది అందరికీ పెట్టిన నియమం కాదు, బాగా భక్తి ఉన్నవాళ్లు తమంతట తాము ఉండేది. ఒళ్లు తగ్గడానికి ఉండేది అంతకన్నా కాదు. లేవీయకాండం 16లో యోమ్ కిప్పూర్ గురించి ఉన్న మాట దుఃఖపరచుకోవడం. అందుకే తిండి, నీళ్లే కాదు, స్నానం, ఒంటికి నూనె, తోలు చెప్పులు, భార్యాభర్తల కలయిక, ఇవి కూడా ఆ రోజు వద్దు. మనం అందులోంచి తిండి ఒక్కటి తీసుకుని తూకం ఎక్కుతున్నాం.

సవ్తాకి కప్పుతో పట్టారని రాశారు కదా, నాకు అన్నిటికంటే అదే నచ్చింది. రోగి నాకు తిండి కావాలంటే, వంద మంది వైద్యులు అక్కర్లేదన్నా రోగి మాటే వినాలని తల్మూద్ చెబుతుంది. ప్రాణం కంటే ఉపవాసం పెద్దది కాదు. 1848లో విల్నాలో (ఇప్పటి విల్నియస్) కలరా వచ్చినప్పుడు రబ్బీ ఇశ్రాయేల్ సలాంతర్ యోమ్ కిప్పూర్ నాడు జనాన్ని తినమన్నాడని, ఆయనే అందరి ముందూ తిన్నాడని కూడా చెప్పుకుంటారు. అంత కఠినమైన రోజుకే అన్ని మినహాయింపులు పెట్టుకున్నారు వాళ్లు. మీరేమో కళ్లు తిరిగినా గోడ పట్టుకుని మరీ కొనసాగించారు.

ఇంకొక్కటి, సంబంధం లేకపోయినా చెబుతాను. యోమ్ కిప్పూర్ పొద్దున వాళ్లు సమాజ మందిరంలో చదివే భాగం యెషయా 58. ఉపవాసం ఉంటూనే మీ పనివాళ్ల చేత కఠినంగా పని చేయించుకుంటున్నారు, అది ఏం ఉపవాసం అని ప్రవక్త నిలదీస్తాడు.

జగిత్యాల_నుండి_హైఫా:

చేబ్రోలు అన్నా, ఆ చివరి మాట నేను ప్రింటు తీసి మా ఏజెన్సీ గోడకి అతికించాలి.

రాజోలు_అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్ అండి. డాక్టరు గారూ, అవును, ఆ నాలుగు రోజులూ మాత్ర కూడా వేసుకోలేదు, నీళ్లు తాగకూడదు కదా అని. చదివాక సిగ్గేసింది. సవ్తా మాత్రలు ఎనిమిది రకాలు, ఒక్కటి కూడా మర్చిపోను, నావి మాత్రం మానేశాను. అమ్మకి ఫోన్ చేసి మాత్రల అట్ట ఫోటో పెట్టించాను, మీరు చెప్పిన గ్లిమెపిరైడే ఉంది. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. అమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదు కాబట్టి సరిపోయింది.

హైఫా తమ్ముడూ, సవ్తాకి ఇలా గోడ పట్టుకున్నానని చెప్పేశాను. తిట్టింది. నేను తినడం లేదా ఆ రోజు, నీకేమైంది అని. ఇప్పుడు ఏం చెయ్యాలో ఒక దారి చెప్పండి. నాకు లెక్కలు రావు, ఆప్‌లో ఇడ్లీకి ఎన్ని కేలరీలో రాసుకోవడం నా వల్ల కాదు.

జగిత్యాల_నుండి_హైఫా:

మీది కోషర్ వంటిల్లేనా, అంటే యూదుల తిండి నియమాలు పాటించేదేనా? అయితే ఉపవాసం కంటే పనికొచ్చేది నీ ఇంట్లోనే ఉంది. మాంసం తిన్నాక పాలు తగలకూడదు కదా. నేనిప్పుడు చేసే ఇల్లు మొరాకో వాళ్లది, ఆరు గంటలు ఆగుతారు. మధ్యాహ్నం ఒంటి గంటకి కోడి తింటే రాత్రి ఏడు దాకా పాల చాయ్ లేదు. చాయ్ లేకపోతే బిస్కెట్టు ఎందుకు, బిస్కెట్టు లేకపోతే ఇంకోటి ఎందుకు. నేను యూదుణ్ణి కాదు, నాకు నియమం లేదు, కానీ వంటింటికి ఉంది. ఏమీ ప్రయత్నం చెయ్యకుండా ఏడాదిలో ఆరు కిలోలు దిగిపోయాను, ప్యాంట్లు జారుతుంటే అప్పుడు చూసుకున్నాను. అంతకుముందు నేను చేసిన ఇంట్లో జర్మనీ నుంచి వచ్చిన సబా, వాళ్ల ఆచారంలో మూడు గంటలే. నాలుగింటికల్లా చాయ్, చీజ్ కేకు. ఆ ఇంట్లోనే నేను పెరిగింది. ఈ మూడు గంటల తేడా మీద ఎవరైనా అధ్యయనం చెయ్యాలి డాక్టరు గారూ, నేను ఒక్కడినే శాంపుల్.

డ్యూటీ_డాక్టరు:

ఒక్కరితో పత్రికలో వెయ్యరు గానీ, మీరు చెప్పింది పైన నేను రాసిన అధ్యయనాల కంటే బాగా అర్థమైంది.

రాజోలు అమ్మాయి గారూ, సవ్తా రాత్రి మాత్రలు ఎన్నింటికి? ఆ మాత్రలు ఇచ్చాక వంటింటి లైటు ఆపేయండి. పొద్దున ఆవిడ టిఫినుతో పాటు మీదీ. మధ్యలో పన్నెండు పదమూడు గంటలు వస్తుంది, ఇప్పటికి చాలు, పదహారు అవసరం లేదు. రాత్రి లేచినప్పుడు మంచినీళ్లు, ఎన్నయినా. రాత్రుళ్లు మేలుకునేవాళ్లకి ఆకలి నిజంగానే ఎక్కువ వేస్తుంది, అది మీ తప్పు కాదు, కాబట్టి రాత్రి భోజనంలో గుడ్డో, పప్పో, చికెనో గట్టిగా ఉండాలి, అన్నం కుప్ప కాదు. సవ్తాకి ప్లేట్లో తక్కువ పెట్టి, కావాలంటే మళ్లీ వడ్డించండి, మిగలదు. కళ్లు తిరిగితే ఏదైనా తినండి, ఆ రోజు లెక్క వదిలెయ్యండి. ఆరు వారాలు మాత్ర సరిగ్గా వేసుకుని థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.

పెసరట్టు_ప్రియ:

శనివారం బిర్యానీ సంగతి ఎవరూ అడగలేదేం? టెల్ అవీవ్‌లో మా పిన్ని ఉంటుంది, సెలవు రోజున మనవాళ్లందరూ ఒక గదిలో చేరి చేసే బిర్యానీ ఫోటోలు నాకు వస్తూనే ఉంటాయి.

రాజోలు_అమ్మాయి:

బిర్యానీ మానను అక్కా, అది మాత్రం అడగకండి. వారానికి ఆ ఒక్క రోజే తెలుగులో మాట్లాడేది. షబ్బత్ రోజు ఉపవాసం ఉండకూడదని తమ్ముడు రాశాడు కదా.

రాజోలు_అమ్మాయి:

జనవరి నెల, చాలా రోజులకి వచ్చాను. ఇవాళ 74.9. అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఏడున్నరకి సవ్తా మాత్రలు, తర్వాత వంటింట్లో లైటు ఉండదు. పొద్దున ఎనిమిదింటికి ఇద్దరం కలిసి తింటాం. మొదటి వారం రాత్రిళ్లు నరకం, లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేదాన్ని, రెండుసార్లు రాలేదు, తినేశాను. తర్వాత బిస్కెట్ల డబ్బా సవ్తా గదిలో బీరువా మీద పెట్టాం, అది తీయాలంటే ఆవిడ నిద్ర లేస్తుంది. ఆరు గంటల పద్ధతి కూడా పట్టాను, మధ్యాహ్నం మాంసం ఉన్న రోజు సాయంత్రం పాల టీ లేదు, నల్ల టీ అలవాటైంది, మా అమ్మ వింటే ఏడుస్తుంది.

అన్నీ బాగా జరగలేదు. డిసెంబరు 14న వీళ్ల హనుక్కా పండగ మొదలైంది, ఎనిమిది రోజులు నూనెలో వేయించిన జామ్ బన్నులు, సుఫ్‌గానియోత్ అంటారు, సవ్తా కూతురు డబ్బాలు డబ్బాలు పంపింది. నేను ఏడు తిన్నాను, లెక్కపెట్టుకుని మరీ. ఆ వారం కిలో పెరిగింది, తర్వాత దిగింది. డిసెంబరు 30న వీళ్లకి ఇంకో చిన్న ఉపవాసం వచ్చింది, తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా. సవ్తా కొడుకు ఉన్నాడు, నన్నూ ఉంటావా అని అడిగాడు. డ్యూటీ ఉంది, ఉండను అన్నాను. వచ్చే యోమ్ కిప్పూర్‌కి మాత్రం ఉంటాను, అది బరువు కోసం కాదు. ఆ రోజు సవ్తా కొడుకుని ఇంట్లో ఉండమని, మంచం మీద నుంచి దించే పని నాకు పెట్టొద్దని ఇప్పుడే అడిగి పెట్టుకున్నాను, సరే అన్నాడు.

థైరాయిడ్ రిపోర్టు నార్మల్. అమ్మని డాక్టరు దగ్గరికి పంపాను, రాత్రి అన్నం తగ్గించి ముద్దకూర ఎక్కువ తినమన్నారట. నువ్వు ఉపవాసాలు చేసింది చాలు ఇంటికి రా అంటోంది. సవ్తా అయితే నా లంగా వదులైందని చూసి, చిక్కిపోయావు తిను తిను అని తన ప్లేటు నా వైపు తోస్తోంది.

తమ్ముడూ, నీ సంగతులేంటి, కనపడటం లేదు?

జగిత్యాల_నుండి_హైఫా:

ఉన్నాను అక్కా. మూడు కిలోలంటే మాటలు కాదు, మంచి పని చేశావు. మా మొరాకో సవ్తా పోయినెల పోయారు, కొత్త ఇల్లు వెతుక్కుంటున్నాను. పాత జర్మనీ సబా తమ్ముడు ఉన్నాడు, ఆయనకి మనిషి కావాలట, ఫోన్ చేశారు. జీతం ఎక్కువే, ఆదివారం కూడా సగం పూట సెలవిస్తామన్నారు. కానీ మూడు గంటల ఇల్లు, నాలుగింటికి చీజ్ కేకు. ఏం చెయ్యమంటావ్?